ఏ గీత పెద్దది? డిగ్రీ సైకాలజీ చదువులో దొరకనిది

ముందుగా ఒక తెల్లకాగితం, స్కేలు, పెన్సిలు తీసుకోండి. కాగితం మీద అడ్డంగా సరిగ్గా 8 సెంటీమీటర్ల గీత గీయండి. దాని కింద కాస్త ఎడంగా అంతే పొడవున్న మరో గీత గీయండి. పై గీతకు రెండు చివర్లా బాణం ములుకులు పెట్టండి. కింది గీతకు అవే ములుకుల్ని తిరగేసి, బయటికి విచ్చుకున్నట్టుగా పెట్టండి. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి ఏ గీత పెద్దదో అడగండి. చాలామంది కింది గీతే అంటారు. స్కేలు పెట్టి కొలిచి చూపించాక కూడా వాళ్ల కంటికి అది పెద్దగానే కనిపిస్తుంది. రెండూ సమానమని తెలిసి గీసిన మీకూ అంతే.

ఈ కంటిమాయ కొత్తదేమీ కాదు. ఫ్రాంజ్ ముల్లర్-లయర్ అనే జర్మన్ పండితుడు 1889లో దీన్ని ప్రచురించాడు, ఆయన పేరే దీనికి స్థిరపడింది. మన దేశంలో బి.ఏ., బి.ఎస్సీ.లలో మనస్తత్వశాస్త్రం తీసుకున్న విద్యార్థుల్లో చాలామంది దీన్ని ప్రయోగశాలలో చూస్తారు. ఒక పలక మీద ఒక గీత స్థిరంగా ఉంటుంది, రెండోది జరుగుతుంది. ప్రయోగానికి కూర్చున్న మనిషి, పాఠ్యపుస్తకం భాషలో 'ప్రయోజ్యుడు', రెండూ సమానమని తనకు తోచేదాకా ఆ రెండోదాన్ని జరపాలి. పలక వెనక ఉన్న స్కేలు చూసి, తేడా ఎన్ని మిల్లీమీటర్లో ప్రయోగకర్త రాసుకోవాలి. ఇలా చాలాసార్లు చేయించి సగటు కడతారు. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం, చర్చ, ముగింపు అని రికార్డు రాసి సంతకం చేయించుకుంటారు. పరీక్షలో మార్కులు పడతాయి.

మా మేనకోడలు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా అలాంటి రికార్డు ఒకటి నా చేతికొచ్చింది. అట్ట, రంగుల స్కెచ్ పెన్నులతో శీర్షికలు, ముచ్చటగా ఉంది. కానీ నేను చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్సు. అంకెలు కనబడితే కన్ను వాటి మీదికే పోతుంది. ఇరవై రీడింగులూ బుద్ధిగా వరసలో కూర్చున్నాయి. ఒక్కటీ గాడి తప్పలేదు. నిజంగా మనిషిని కూర్చోబెట్టి కొలిస్తే అంకెలు అంత బుద్ధిగా ఉండవు.

"ఎవర్ని కూర్చోబెట్టి చేశావే?" అన్నాను.

"ఎవర్నీ లేదు మావయ్యా. పరికరం ఒకటే, మేము నలభై మందిమి. సీనియర్ల రికార్డు చూసి రాశాం. ఫలితం ఎలాగూ తెలిసిందే కదా!"

నేను కోప్పడలేదు. కోప్పడే అర్హత నాకు లేదు కూడా. లోలకం ప్రయోగంలో 'జి' విలువ 980 రావాలని ముందే తెలుసుకుని, దాని నుంచి వెనక్కి లెక్క కట్టి సెకన్లు రాసుకున్న తరంవాణ్ణే నేనూ. అయితే 'జి' విషయంలో ఇప్పుడు తగాదా ఏమీ లేదు. మా మేనకోడలు కాపీ కొట్టిన ఆ గీతల సంగతి అలా కాదు. దాని ఫలితం 'ఎలాగూ తెలిసిందే' అన్న మాటే తప్పు. ఆ తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమెకు దొరికిన చదువుది. ఎందుకంటున్నానో చెబుతాను.

నీలగిరుల్లో ఏం జరిగింది?

డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ ఇంగ్లండుకు చెందిన వైద్యుడు. 1898లో కేంబ్రిడ్జి బృందంతో కలిసి ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్య ఉన్న టారెస్ జలసంధి దీవులకు వెళ్లి, అక్కడి వాళ్ల చూపును పరీక్షించాడు. తరవాత 1901-02లో మన నీలగిరి కొండలకు వచ్చాడు. అక్కడ గేదెల్ని మేపుకునే తోడాల మధ్య ఉండి, వాళ్ల ఆచారాలతోపాటు వాళ్ల ఇంద్రియ జ్ఞానాన్నీ పరీక్షించాడు. ఆ పరీక్షల ఫలితాలు 1905లో అచ్చయ్యాయి. అందులో ఈ బాణం ములుకుల గీతలున్నాయి.

అప్పటి యూరపు పండితుల అంచనా ఏమిటో ఊహించండి. కొండల్లో ఉండే 'అనాగరికులు' కాబట్టి చదువుకున్న ఇంగ్లీషువాళ్లకంటే సులువుగా మోసపోతారని. తీరా చూస్తే తోడాలు ఇంగ్లీషువాళ్లకంటే తక్కువ మోసపోయారు. టారెస్ దీవులవాళ్ల విషయంలోనూ ఇలాగే వచ్చింది. అయితే వాళ్ల కంటిచూపు పదునైనదని అనేద్దామా? అలా అనడానికీ వీల్లేకుండా రివర్స్ మరో భ్రమను చూపించాడు. నిలువు గీత, అడ్డ గీత సమానంగా ఉన్నా నిలువుదే పెద్దగా కనబడే భ్రమ అది. అందులో తోడాలే ఎక్కువ మోసపోయారు! ఒకదానిలో తక్కువ, ఇంకోదానిలో ఎక్కువ. అంటే ఇది తెలివికీ, నాగరికతకీ సంబంధించిన విషయం కాదు. మరేమిటి?

ఆ ప్రశ్న అరవై ఏళ్లు అలాగే ఉండిపోయింది. సెగాల్, కాంప్‌బెల్, హెర్స్కోవిట్స్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఆఫ్రికా, ఫిలిప్పీన్స్, అమెరికాల్లో రకరకాల సమూహాలకు ఈ గీతలే చూపించి 1966లో పుస్తకం ప్రచురించారు. అమెరికాలో ఎవాన్‌స్టన్ పట్టణంలోని పెద్దవాళ్లకు ఆ గీతలు సమానంగా కనబడాలంటే ఒకదాన్ని దాదాపు అయిదోవంతు పెంచాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా ప్రాంతపు సాన్ వేటగాళ్లకు పెంచాల్సిన అవసరం దాదాపు లేదు. వాళ్లు ఇచ్చుకున్న వివరణ ఇది: నలుచదరపు గదుల్లో, మూలలున్న గోడల మధ్య పెరిగిన కన్ను ములుకుల్ని గది మూలలుగా చదువుతుంది, ఏది దగ్గర ఏది దూరం అని లెక్కవేసుకుని పొడవును సవరిస్తుంది. గుండ్రటి గుడిసెల్లో పెరిగిన కంటికి ఆ అలవాటు లేదు.

వివరణ బాగుంది కదూ? నాకూ మొదటిసారి చదివినప్పుడు ఎంతో నచ్చింది. కానీ కథ అక్కడ ఆగలేదు. మన దేశంలో పుట్టుకతోనే రెండు కళ్లలో దట్టమైన శుక్లాలతో, దాదాపు చూపు లేకుండా పెరిగిన పిల్లలున్నారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేసే పవన్ సిన్హా 'ప్రాజెక్ట్ ప్రకాశ్' పేరుతో అలాంటి పిల్లలకు ఆపరేషన్లు చేయించి, చూపు ఎలా పనిచేస్తుందో వాళ్లతో కలిసి తెలుసుకునే పని మొదలుపెట్టాడు. 8 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న తొమ్మిది మంది పిల్లలకు, చూపొచ్చిన వెంటనే, ఈ గీతల్నే చూపించారు. 2015లో ఫలితం ప్రచురించారు. ఆ పిల్లలూ మనలాగే మోసపోయారు! గది మూలల్ని ఎన్నడూ కంటితో సరిగా చూడని పిల్లలకు మూలల అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు చెప్పండి, ఫలితం తెలిసిందేనా? తోడాలు ఒకవైపు లాగుతున్నారు, ప్రకాశ్ పిల్లలు ఇంకోవైపు. రెండూ జరిగింది మన నేల మీదే. ఆ పరికరం ముందు కూర్చున్న విద్యార్థి రికార్డులో మాత్రం ఈ రెండింటిలో ఏదీ లేదు. 'కనుక ముల్లర్-లయర్ భ్రమ నిరూపించబడింది' అని ఒక్క వాక్యం ఉంది. పాత ఫలితాన్ని మళ్లీ రాయించడానికే అయితే ఆ పలక ఎందుకు? దాన్ని ఊరికి పట్టుకెళ్లి పెంకుటింట్లో పెరిగిన తాతకు, అపార్ట్‌మెంటులో పెరిగిన మనవడికి పక్కపక్కన చూపిస్తే, సరిగ్గా కొలిస్తే, ఆ తగాదాలో డిగ్రీ విద్యార్థి కూడా ఒక మాట అనొచ్చు. మనస్తత్వశాస్త్రంలో ఉన్న సుఖం అదే. పరికరం చవక, ప్రయోజ్యులు చుట్టూ ఉంటారు. ఫిజిక్సులో నాకు ఆ అదృష్టం ఎప్పుడూ పట్టలేదు.

భూకంపం తరవాత పుకార్లు

ఒక్క గీతల విషయమే అయితే ఇంత రాయను. సాంఘిక మనస్తత్వశాస్త్రం పేపరులో లియాన్ ఫెస్టింగర్ పేరు మీకు తగులుతుంది. మన నమ్మకాలకూ చేతలకూ పొంతన కుదరకపోతే మనసుకు ఇబ్బంది కలుగుతుందని, ఆ ఇబ్బంది తగ్గించుకోవడానికి నమ్మకాన్నే మార్చుకుంటామని ఆయన 1957లో చెప్పిన సిద్ధాంతం. దానికింద పుస్తకాల్లో సాధారణంగా కనిపించేది 1959 నాటి అమెరికన్ ప్రయోగం. విసుగెత్తించే పని చేయించి, అది భలే సరదాగా ఉందని ఇతరులతో అబద్ధం చెప్పించడం, అందుకు కొందరికి ఒక డాలరు, కొందరికి ఇరవై డాలర్లు ఇవ్వడం. పరీక్షలో అడిగేదీ అదే.

ఆ సిద్ధాంతానికి మొదటి ఊహ ఎక్కడ దొరికిందో ఫెస్టింగర్ తన పుస్తకం ముందుమాటలోనే చెప్పుకున్నాడు. 1934 జనవరి 15న బీహారును కుదిపేసిన భూకంపం తరవాత పాట్నాలో జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జనంలో పాకిన పుకార్లను సేకరించి 1935లో ప్రచురించాడు. భూమి కదిలిందిగానీ నష్టం పెద్దగా జరగని చోట్ల, రాబోయేది ఇంకా ఘోరమని పుకార్లు పుట్టాయి. భయపడి ఉన్న జనం తమను మరింత భయపెట్టే కబుర్లు ఎందుకు పుట్టించుకుంటారు? దుర్గానంద్ సిన్హా డార్జిలింగులో కొండచరియలు విరిగిపడిన చోట ఇలాంటి పుకార్లనే పరిశీలించి 1952లో రాశాడు. అక్కడ నష్టం కళ్లెదుటే ఉంది. అలాంటి పుకార్లు పుట్టలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఫెస్టింగర్ ఆలోచించాడు. భయం ఉంది, దానికి తగ్గ కారణం చుట్టూ కనబడటం లేదు. ఆ భయానికి సరిపడా కారణాన్ని పుకారు సమకూరుస్తోంది.

ఇది చదివాక నాకు తుపాను హెచ్చరికల రాత్రులు గుర్తొచ్చాయి. కోస్తాలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నిజంగా నీళ్లొచ్చిన ఊళ్లో జనం పనిలో ఉంటారు. గాలి మాత్రమే వీచిన ఊళ్లో కబుర్లు పుడతాయి. డాలర్ల ప్రయోగం కంటే ఇది మన విద్యార్థికి దగ్గరా, దూరమా? ఇటీవల కొన్ని చోట్ల 'భారతీయ మనస్తత్వశాస్త్రం' పేరుతో పేపరు వచ్చింది, అందులో యోగం, త్రిగుణాలు, పంచకోశాలు వగైరా ఉంటాయి. చదవండి, మంచిదే. కానీ జమునా ప్రసాద్ పుకార్లు భారతీయం కాదా?

ఈ చదువు మన దేశంలోకి వచ్చిన తీరులోనే కొంత సంగతి ఉంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో మనస్తత్వశాస్త్ర విభాగం మొదలైంది. దాన్ని నడిపిన నరేంద్రనాథ్ సేన్‌గుప్త హార్వర్డులో చదివి వచ్చినవాడు. 1924లో మైసూరులో విభాగం పెట్టిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో చదివినవాడు. (ఈయనే 1935లో మైసూరులో తన ఇంట్లో రేడియో స్టేషన్ పెట్టాడు. మన ఆలిండియా రేడియో తరవాత పెట్టుకున్న 'ఆకాశవాణి' పేరు ఆ స్టేషన్‌దే.) పరికరాలూ, సిలబస్సూ ఓడల మీద వచ్చాయి, అది సహజం. వచ్చి నూరేళ్లు దాటింది. ఇంకా పెట్టెలు విప్పుకుంటూనే ఉన్నామా అన్నదే నా అనుమానం.

అనువాదకుడిగా ఒక మాట. ఒకసారి వ్యక్తిత్వ పరీక్ష ప్రశ్నలు కొన్ని తెలుగు చేయాల్సి వచ్చింది. అందులో పార్టీలంటే ఇష్టమా అన్న అర్థం వచ్చే ప్రశ్న ఉంది. నలుగురితో కలిసే స్వభావమా కాదా తెలుసుకోవడం దాని ఉద్దేశం. తెలుగు చేసి ముగ్గురికి చూపిస్తే ఒకాయన 'ఏ పార్టీ?' అన్నాడు. ఇంకొకాయన 'నేను తాగను' అన్నాడు. మూడో ఆయన ఔను అన్నాడుగానీ ఆయన ఏమనుకుని ఔనన్నాడో నాకిప్పటికీ తెలియదు. మాట మార్చి 'పెళ్లిళ్లు, పేరంటాలు' అని రాద్దామంటే, మన దగ్గర పెళ్లికి వెళ్లడం స్వభావాన్ని బట్టి కాదు, బంధుత్వాన్ని బట్టి! ఇలాంటి పరీక్షను విద్యార్థి మరొకరికి పెట్టి, మార్కులు కూడి, 'ఇతడు అంతర్ముఖుడు' అని రికార్డులో రాసేస్తే ఏం కొలిచినట్టు?

మళ్లీ చేసి చూస్తే

మనస్తత్వశాస్త్రం తనను తాను ఎంత కఠినంగా పరీక్షించుకుందో చాలా సిలబస్సులు చెప్పవు. 2015లో పరిశోధకుల పెద్ద బృందం ఒకటి, పేరున్న పత్రికల్లో వచ్చిన 100 పరిశోధనల్ని మళ్లీ చేసి చూసింది. మొదటిసారి వాటిలో 97 శాతం 'ఫలితం వచ్చింది' అన్నవే. మళ్లీ చేస్తే అలా అనగలిగినవి 36 శాతం. అంతకుముందు 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిడెరిక్ స్టాపెల్ అనే ప్రొఫెసరు ఏళ్ల తరబడి అంకెలు కల్పించి రాస్తున్నాడని బయటపడింది. ఆయన వ్యాసాలు 50కి పైగా ఉపసంహరించారు. మా మేనకోడలి రికార్డుకూ ఆయన వ్యాసాలకూ పోలిక పెట్టడం అన్యాయమే. కానీ రావాల్సిన ఫలితం ముందు, అంకెలు తరవాత అనే అలవాటు పద్దెనిమిదో ఏట, సంతకంతో సహా, కాలేజీలోనే మొదలైతే?

మిఠాయి ప్రయోగం మీరు వినే ఉంటారు. వక్తిత్వ వికాసం పుస్తకాల్లో, స్కూలు వార్షికోత్సవ ఉపన్యాసాల్లో కూడా వినబడుతుంది. ఇప్పుడే తింటే ఒక మిఠాయి, కాసేపు ఆగితే రెండు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా చదివారని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలైన పరిశోధన 1990లో చెప్పింది. ఆ పిల్లలు యూనివర్సిటీకి చెందిన నర్సరీ స్కూలు పిల్లలు, సంఖ్యా కొద్దే. 2018లో మరో బృందం రకరకాల కుటుంబాలకు చెందిన దాదాపు 900 మంది పిల్లల వివరాలు చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది. తల్లి చదువు, ఇంటి స్థితిగతులు లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండు వంతులు పోయింది. మొదటి కథ చెప్పి రెండోది చెప్పని ఉపన్యాసకుడు, ఇంట్లో రెండో మిఠాయి ఎప్పుడూ చూడని పిల్లవాడికి నిగ్రహం లేదని చెప్పినట్టే.

అధ్యాపకుల్ని తప్పుపట్టి ఊరుకోవడం సులువు. నలభై మందికి ఒక పలక ఇచ్చి, సెమిస్టరుకు ఇన్ని ప్రయోగాలు పూర్తి చేయమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ప్రయోగాల సంఖ్య సగానికి తగ్గించి, ఒక్కోదాన్ని నిజంగా చేయించి, రాని ఫలితానికీ మార్కులు వేస్తే చాలు. దానికి ఖర్చు కూడా లేదు.

ఇదంతా మార్కుల గొడవగా మీకు అనిపించవచ్చు. మా మేనకోడలు చెప్పిన ఇంకో సంగతి వినండి. హాస్టల్లో పక్క గది అమ్మాయి ఒక రాత్రి పన్నెండింటికి తలుపు కొట్టింది. "నువ్వు సైకాలజీ కదా, నాకు బతకాలని లేదు, ఎందుకో చెప్పు" అంది. మావాళ్ల పిల్లకు పాఠం గుర్తొచ్చింది. నిద్ర లేదు, ఆకలి లేదు, దేని మీదా ఆసక్తి లేదు, ఎన్ని వారాలు. జాబితా సరిపోయింది. "నీకు డిప్రెషన్" అని చెప్పింది. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా తన గదికి వెళ్లిపోయింది. తెల్లారాక వార్డెనుకు తెలిసి, తల్లిదండ్రులొచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఇప్పుడు బాగానే ఉంది, చదువుకుంటోంది. "ఆ పేరు చెప్పగానే దాని మొహం మాడిపోయింది మావయ్యా. నేను పరీక్షకు జవాబు రాసినట్టు చెప్పాను" అంది మా మేనకోడలు. అది చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. వాళ్లలో చికిత్స అందనివాళ్లు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం. కాబట్టి ఆ తలుపు చప్పుడు మీకూ వినబడుతుంది. మామూలు బి.ఏ. సైకాలజీ మిమ్మల్ని క్లినికల్ సైకాలజిస్టును చేయదు. అందుకు గుర్తింపు పొందిన శిక్షణ పూర్తిచేసి, 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు నమోదు కావాలి. కానీ ఆ రాత్రి చేయాల్సిన పనులకు రిజిస్టరు అక్కర్లేదు. కూర్చోబెట్టండి, మీరు తక్కువ మాట్లాడి ఎక్కువ వినండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయానికి ఆధారం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. ఒంటరిగా వదలొద్దు. పెద్దవాళ్లెవరినైనా నిద్రలేపండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఈ అయిదారు వాక్యాలు ఆమె పాఠంలో లేవు. రుగ్మతల వర్గీకరణ ఉంది, లక్షణాల జాబితాలున్నాయి. ఆ పేరు చెప్పడానికి ముందు డాక్టరు ఏమేం అడుగుతాడో, ఏమేం కాదని తేల్చుకుంటాడో లేదు. గీతల రికార్డులో ఉన్నట్టే ఇక్కడా ముగింపు ఒక్కటే ఉంది.

మొన్న సంక్రాంతి సెలవులకు మా మేనకోడలు అట్టముక్కలతో జరిపే పలక ఒకటి సొంతంగా చేసుకుని ఊరికి వచ్చింది. మొదటి ప్రయోజ్యురాలు వాళ్ల అమ్మమ్మ, అంటే మా అమ్మ. అరుగు మీద కూర్చోబెట్టి, కళ్లజోడు పెట్టించి, రెండు గీతలూ సమానంగా కనబడేదాకా జరపమంది. మా అమ్మ రెండుసార్లు ఇటూ అటూ జరిపి, పలక పక్కనపెట్టి అడిగింది: "ఏది పెద్దదని చెప్పమంటావే తల్లీ? ఏది చెబితే నీకు మార్కులు పడతాయి?"

మార్టిన్ ఓర్న్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1962లో రాసిన ప్రసిద్ధ వ్యాసం సరిగ్గా దీని గురించే. ప్రయోగకర్తకు ఏ జవాబు కావాలో ప్రయోజ్యుడు ఊహించుకుని ఆ జవాబే ఇస్తాడని, ఆ ఊహను లెక్కలోకి తీసుకోకపోతే ప్రయోగం చెడుతుందని ఆయన హెచ్చరించాడు. మా మేనకోడలికి ఆ పేరు అప్పటికి తెలియదు. అమ్మమ్మ మాటను ఉన్నదున్నట్టు 'చర్చ' కింద రాసుకుంది. ఆ తరవాత ఇరవై రీడింగులూ ఎగుడుదిగుడుగా వచ్చాయి, అవీ రాసుకుంది. సెలవులయ్యాక లెక్చరరు ఆ పేజీ చదివి, నవ్వి, "బాగుందమ్మా, కానీ పరీక్ష రికార్డులో దీనికి చోటు లేదు, వేరే కాగితం మీద పెట్టుకో" అన్నారట. ఆ కాగితం ఇప్పుడు నా బల్ల మీద ఉంది.